పాత చెక్క మెషినిస్టు పెట్టె: కొనడం, వయసు కట్టడం, బాగుచేయడం – తరచుగా అడిగే ప్రశ్నలు

అసలు మెషినిస్టు పెట్టె అంటే ఏంటి? వడ్రంగి పెట్టెకీ దీనికీ తేడా ఏంటి?

వడ్రంగి పెట్టె పెద్దగా, లోతుగా ఉంటుంది, అందులో రంపాలు, చిత్రికలు, సుత్తులు పెట్టుకుంటారు. మెషినిస్టు పెట్టె అలా కాదు. లేత్ మీద, మిల్లింగ్ మెషిన్ మీద ఇనుమును అంగుళంలో వెయ్యో వంతు తేడా కూడా రాకుండా కోసేవాళ్లు తమ మైక్రోమీటర్లు, కాలిపర్లు, స్క్వేర్లు, గేజీలు లాంటి కొలిచే పనిముట్లు దాచుకునే పెట్టె ఇది. చిన్న చిన్న పలచటి సొరుగులు ఏడు నుంచి పదకొండు దాకా ఉంటాయి, వాటి అడుగున పచ్చటి ఫెల్ట్ గుడ్డ, పైన మూత, మూత ఎత్తితే లోపల ఒక అర, చాలావాటిలో ఒక చిన్న అద్దం. ఫ్యాక్టరీలో పెద్ద యంత్రాలు కంపెనీవి, కొలిచే పనిముట్లు మాత్రం ఎవరివి వాళ్లవే. అందుకే కొత్తగా పనిలో చేరిన కుర్రాడు జీతంలో దాచుకుని మరీ ఈ పెట్టె కొనుక్కునేవాడు, రిటైరయ్యేదాకా అదే వాడేవాడు. నలభై ఏళ్లు ఒకే మనిషి చేతిలో నలిగిన వస్తువన్న సంగతి మనసులో పెట్టుకుంటే కింద చెప్పబోయేవన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

ఎవరు తయారు చేసేవాళ్లు? అన్నీ గెర్స్‌ట్‌నరేనా?

కాదు, కానీ ఎక్కువమంది వెతికేది అదే. హ్యారీ గెర్స్‌ట్‌నర్ 1906లో అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌లో మొదలుపెట్టిన కంపెనీ అది, ఇప్పటికీ పెట్టెలు చేస్తోంది. న్యూయార్క్ రాష్ట్రంలో రాచెస్టర్‌లోని యూనియన్ టూల్ చెస్ట్, ఒహాయోలోనే స్వాంటన్‌లోని పిలియాడ్ కూడా మంచి పెట్టెలే చేశాయి. కెన్నెడీ పేరు ఉంటే అది దాదాపుగా గోధుమరంగు ముడతల పెయింటు వేసిన ఇనుప పెట్టె అయ్యుంటుంది, అది వేరే కథ. బ్రిటన్‌లో మూర్ అండ్ రైట్, నెస్లెయిన్ లాంటి పేర్లు కనిపిస్తాయి. ఏ పేరూ లేనివి కూడా బోలెడు ఉన్నాయి, కొందరు పనివాళ్లు సొంతంగా చేసుకున్నారు. వాటిని తక్కువగా చూడకండి. నేను చూసినవాటిలో అన్నిటికంటే బిగువైన డవ్‌టెయిల్ జాయింట్లు (పావురం తోక ఆకారపు పళ్లు ఒకదాన్లో ఒకటి దూరే మూల అతుకులు) ఉన్న పెట్టె మీద ఏ పేరూ లేదు.

ఒక జాగ్రత్త: గెర్స్‌ట్‌నర్ ఇంటర్నేషనల్ అని ఉంటే అది చైనాలో తయారైన కొత్త వరస. పెట్టె బాగానే ఉండొచ్చు, కానీ పాతది కాదు, పాతదాని ధర పెట్టకండి.

కొనేముందు మొట్టమొదట ఏం చూడాలి?

ముందు పలక ఉందా లేదా. మిగతావన్నీ దాని తర్వాతే.

ఈ పెట్టెలకి సొరుగుల్ని కప్పుతూ ముందువైపు ఒక పలక ఉంటుంది. పని చేసేటప్పుడు దాన్ని తీసి, కింది సొరుగు అడుగున ఉన్న సందులోకి నెట్టేస్తారు. సాయంత్రం మళ్లీ బయటికి లాగి, నిలబెట్టి, మూత వేస్తే ఆ పలక మూతతో పాటే బిగుసుకుంటుంది, ఒక్క తాళంతో పెట్టె మొత్తం మూతపడుతుంది. చాలా తెలివైన ఏర్పాటు. అయితే ఏళ్ల తరబడి తీసి వేరేచోట పెట్టడం వల్ల తప్పిపోయేది కూడా అదే. అమ్మేవాళ్లకి చాలాసార్లు అలాంటిదొకటి ఉంటుందనే తెలియదు. ఫోటోలో పలక కనబడలేదని వదిలేయకండి, కింది సందులో చెయ్యి పెట్టి చూడమనండి. పలక లేదని తక్కువకి అమ్ముతున్న పెట్టెలో, ఆ సందులోనే ముప్పై ఏళ్లుగా ఇరుక్కుపోయిన పలకను నేనే బయటికి లాగాను, ఎండ తగలక కొత్త ఓక్ చెక్క లాగా లేతరంగులో మెరిసిపోతూ వచ్చింది.

సరే, పలక ఉంది. ఇంకేం చూడాలి?

సొరుగులన్నీ ఉన్నాయా, అన్నీ ఆ పెట్టెవేనా అన్నది రెండోది. ప్రతి సొరుగునీ పూర్తిగా బయటికి లాగి చూడండి. ఒకటి పోతే ఇంకో పెట్టెలోంచి తెచ్చి పెట్టినవాళ్లు ఉంటారు, అలాంటప్పుడు చెక్క రేఖలు కలవవు, పిడి ఒక వెంట్రుకవాసి అటో ఇటో ఉంటుంది. సొరుగు తీశాక లోపలికి టార్చి వేసి వెనక పలక చూడండి. నీళ్లు తగిలిన పెట్టెకి వెనకా అడుగునా ప్లైవుడ్ పొరలు విడిపోయి ఉంటాయి, ముందు నుంచి చూస్తే ఏమీ తెలియదు.

మూలల జాయింట్లలో తెల్లటి లేదా పసుపు జిగురు పొంగి ఎండిపోయి ఉంటే, ఎవరో ఈమధ్య బాగుచేశారని అర్థం. ఎలా చేశారన్నది ముఖ్యం. చెక్క అంతా మెరిసిపోతూ, అంచులన్నీ గుండ్రంగా అరిగిపోయి కనిపిస్తే మెషిన్‌తో ఉప్పుకాగితం కొట్టేశారని లెక్క, దాన్ని వెనక్కి తేలేం. పుచ్చు ఉందేమో చూడండి: గుండుసూది తలంత కన్నాలు, వాటి కింద సన్నటి పొడి. పొడి కొత్తగా, లేతరంగులో ఉంటే పురుగు ఇంకా బతికే ఉంది. ఆ పెట్టెని ఇంట్లో మిగతా సామాన్ల పక్కన పెట్టకండి.

ఇంకొకటి చాలామంది దెబ్బతినే సంగతి. పైన ఉన్న తోలు పిడి పట్టుకుని పెట్టె ఎత్తకండి. ఎనభై ఏళ్ల తోలు పైకి గట్టిగానే కనిపిస్తుంది, లోపల ఎండిపోయి పెళుసుగా ఉంటుంది. పనిముట్లతో నిండిన పెట్టె చాలా బరువు. పిడి తెగితే పెట్టె మూల మీద పడుతుంది, మూల మీద పడ్డ పెట్టె మళ్లీ చదరంగా నిలబడటం కష్టం. ఎప్పుడూ అడుగున రెండు చేతులూ పెట్టి ఎత్తండి.

తాళం పడి ఉంది, తాళంచెవి లేదు. కొనొచ్చా?

కొనొచ్చు, కానీ లోపల ఏముందో తెలియనట్టే ధర కట్టండి. స్క్రూడ్రైవర్‌తో మూత పైకి పెకిలించొద్దు. తాళం నాలుక మూతకున్న రేకుని చింపేస్తుంది, దాంతో పాటు ముందు అంచు చెక్క కూడా చీలుతుంది. ఆ గాయం ఉన్న పెట్టెలు ఎన్నో చూశాను, అందరూ తొందరపడినవాళ్లే. పెట్టె తాళాలు చాలావరకు మామూలు క్యాబినెట్ తాళాలు, ఈగిల్ అనో కార్బిన్ అనో పేరు, కొన్నిటి మీద ఒక నంబరు కూడా ఉంటుంది. ఆ నంబరు చెబితే తాళాలు చేసేవాళ్లు చెవి చేసివ్వగలరు, నంబరు లేకపోయినా పాత తాళాలు తెలిసిన మనిషికి అది పెద్ద పనేం కాదు.

ఫోటోలు చూసి ఆన్‌లైన్లో కొనొచ్చా?

అడగాల్సిన ఫోటోలు అడిగితే కొనొచ్చు. సొరుగులన్నీ బయటికి తీసి వరసగా పెట్టిన ఫోటో, ఖాళీ పెట్టె లోపలి ఫోటో, అడుగు భాగం, వెనక భాగం, ముందు పలక రెండువైపులా. ఇవ్వనంటే వదిలేయండి. పార్సిల్ గురించి ముందే మాట్లాడుకోండి. సొరుగులు పెట్టెలోనే ఉంచి, అవి కదలకుండా మధ్యలో మెత్తటి కాగితం కుక్కి, ముందు పలక వేసి, మూలలకి దట్టంగా అట్ట కట్టి, పెద్ద డబ్బాలో ఇంకో డబ్బా పెట్టి పంపాలి. పనిముట్లు ఉంటే వేరే పార్సిల్‌లో. దారిలో ఒక ఇనుప స్క్వేర్ సొరుగులోంచి ఎగిరిందంటే లోపలనుంచే పెట్టెని పగలగొడుతుంది.

ధర ఎంత పెట్టొచ్చు?

అంకె చెప్పను, ఎందుకంటే ఊరిని బట్టి, సీజన్‌ని బట్టి, అమ్మేవాళ్ల తొందరని బట్టి మారిపోతుంది. వరస మాత్రం చెబుతాను. పలక, సొరుగులు, మొదటి పాలిష్, తాళంచెవి అన్నీ ఉన్నది పైన. అన్నీ ఉండి మురికిగా ఉన్నది దాని తర్వాత, నా దృష్టిలో కొనాల్సింది ఇదే. పలక లేనిది బాగా కింద. ఎవరో రుద్ది కొత్తగా చేసినది, అమ్మేవాళ్లు ఎంత పైన పెట్టినా, మురికిదాని కంటే కిందే. ఎస్టేట్ సేల్‌లో, అంటే ఎక్కువగా మనిషి పోయాక ఇంటి సామానంతా అమ్మేసేచోట, పనిముట్లతో సహా అమ్ముతుంటే మొత్తంగా కొనండి, విడివిడిగా బేరమాడి పనిముట్లు వేరేవాళ్లకి పోతే పెట్టె సగం కథ పోతుంది.

పెట్టె ఏ కాలందో ఎలా కనుక్కోవాలి?

ఒక్క గుర్తుతో తేలదు. నాలుగైదు గుర్తులు పక్కపక్కన పెట్టి, "దీనికంటే ముందుది కాదు" అనే లెక్కతో పోవాలి.

లేబుల్‌తో మొదలుపెట్టండి. మూత లోపలో, ముందు పలక మీదో, సొరుగు అడుగునో ఉంటుంది. దాని మీద అడ్రసు ఉంటే పంట పండినట్టే. అమెరికాలో పెద్ద ఊళ్లకి 1943లో పోస్టల్ జోన్ నంబర్లు వచ్చాయి, అంటే ఊరి పేరు తర్వాత, రాష్ట్రం పేరు ముందు ఒకటి రెండంకెల నంబరు ఉంటుంది. 1963లో అయిదంకెల జిప్ కోడ్ వచ్చింది, రాష్ట్రాలకి రెండక్షరాల పొట్టి పేర్లు కూడా అప్పుడే. కాబట్టి "డేటన్ 2, ఒహాయో" తరహాలో రాసి ఉంటే దాదాపుగా ఆ రెండు సంవత్సరాల మధ్యది. జిప్ కోడ్ ఉంటే 1963 తర్వాతదే. ఏ నంబరూ లేకపోతే 1943కి ముందుది అయ్యే అవకాశం ఉంది, కానీ అదొక్కటే పట్టుకుని ఖాయం చేసుకోకండి, పాత లేబుళ్లు అయిపోయేదాకా వాడేవాళ్లు.

పేటెంటు నంబరు ఉంటే ఇంకా మంచిది. అమెరికా పేటెంట్లలో పది లక్షల నంబరు 1911లో పడింది, ఇరవై లక్షలది 1935లో, ముప్పై లక్షలది 1961లో. నంబరు చూడగానే ఏ కాలంలో పడుతుందో తెలిసిపోతుంది. అయితే పేటెంటు తేదీ పెట్టె పుట్టిన తేదీ కాదు, ఆ తర్వాత ఎన్నేళ్లయినా అదే ముద్ర కొట్టి ఉండొచ్చు. వలయంలో ఆర్ అక్షరం ఉన్న ట్రేడ్‌మార్కు గుర్తు కనిపిస్తే అది 1946 నాటి చట్టం తర్వాతది.

తర్వాత స్క్రూలు. నక్షత్రం గాడి ఉన్న ఫిలిప్స్ స్క్రూలు 1930ల రెండో సగంలో గానీ వాడుకలోకి రాలేదు. కీళ్లకి, మూల రేకులకి ఉన్న స్క్రూలన్నీ ఫిలిప్స్ అయితే, అవి మొదటివే అయితే, పెట్టె అంతకంటే పాతది కాదు. మొదటివేనా అన్నది ఎలా తెలుస్తుందంటే, ఒక స్క్రూ విప్పి కన్నంలోకి చూడండి. పాత కన్నంలో కొత్త స్క్రూ బిగిస్తే మరలు రెండు దారులుగా పడి ఉంటాయి, తల చుట్టూ పాత తల వదిలిన ముద్ర వేరే కొలతలో కనిపిస్తుంది.

మెటల్ రంగు కూడా చెబుతుంది. నికెల్ పూత కాస్త పసుపు కలిసిన వెచ్చటి తెలుపు, క్రోమ్ పూత నీలం ఛాయ ఉన్న చల్లటి తెలుపు. రెండూ పక్కపక్కన ఒకసారి చూస్తే ఇక మర్చిపోరు. క్రోమ్ పూత వ్యాపారంలోకి వచ్చింది 1920ల మధ్యలో. రెండో ప్రపంచయుద్ధ కాలంలో నికెల్ వాడకం మీద ఆంక్షలు ఉండేవి, కాబట్టి పూత లేకుండా రంగు వేసిన ఇనుప రేకులున్న పెట్టె కనిపిస్తే ఆ సంవత్సరాలదేమో అని మిగతా గుర్తులు చూడండి. సొరుగు అడుగు గోధుమరంగు నున్నటి హార్డ్‌బోర్డు అయితే 1920ల చివరికంటే ముందుది కాదు.

మధ్యలో ఒక పెద్ద లోతైన సొరుగు ఉంటే, అది యంత్రపనివాళ్ల మెషినరీస్ హ్యాండ్‌బుక్ పట్టడానికి. పొట్టిగా, లావుగా ఉండే ఆ పుస్తకం 1914లో మొదటిసారి వచ్చింది. ఆ కొలత సొరుగు ఉన్న పెట్టె దాని తర్వాతది అనుకోవచ్చు.

లోపల ఉన్న పనిముట్లని బట్టి వయసు కట్టొచ్చా?

కట్టకూడదు. తండ్రి మైక్రోమీటర్ కొడుకు పెట్టెలోకి వస్తుంది, పాత పెట్టెలోకి కొత్త కాలిపర్ వస్తుంది. మనిషి గురించి చెబుతాయి గానీ పెట్టె గురించి చెప్పవు.

కంపెనీ పేరు రేకు నకిలీ అయ్యే అవకాశం ఉందా?

రేకు నిజమైనదే అయ్యుండొచ్చు, పెట్టె వేరేది అయ్యుండొచ్చు. పాత పెట్టెల నుంచి ఊడదీసిన రేకులు విడిగా అమ్ముతుంటారు. రేకు చుట్టూ చెక్క రంగు చూడండి. దశాబ్దాలుగా ఉన్న రేకు అంచున మురికీ పాలిష్ కలిసి సన్నటి గీత కట్టి ఉంటాయి, నిన్న కొట్టిన రేకు కింద అలాంటిదేం ఉండదు.

ఇంటికి తెచ్చాను. ఇప్పుడు ముందు ఏం చేయాలి?

వారం రోజులు ఏమీ చేయకండి, నిజంగా. చెమ్మగా ఉన్న గ్యారేజీలోంచి వచ్చిన పెట్టె ఇంటి గాలికి నెమ్మదిగా ఆరాలి. ఎండలో పెట్టొద్దు, హీటర్ పక్కన పెట్టొద్దు. ఈలోగా ఫోటోలు తీయండి, ప్రతి సొరుగు వెనక పెన్సిల్‌తో దాని స్థానం నంబరు వేయండి. ఒకే కొలతలో కనిపించే రెండు సొరుగులు నిజానికి ఒకే కొలతలో ఉండవు, ఒక్కోదాన్ని దాని గూటికే సరిపోయేలా చేత్తో సరిచేశారు, మార్చి పెడితే రెండూ మొరాయిస్తాయి. మీరు రాయబోయేచోట అప్పటికే ఒక పాత నంబరు కనిపించిందంటే అది చేసినవాళ్లు రాసుకున్నది, దాన్ని చెరపొద్దు.

ఆరాక దుమ్ము. మెత్తటి బ్రష్, వ్యాక్యూమ్, మొహానికి మాస్క్. సొరుగు మూలల్లో ఇనుప రజను ఉంటుంది, బూజు ఉంటుంది, గుడ్డతో రుద్దితే రజను పాలిష్ మీద గీతలు పెడుతుంది, చేతుల్లో గుచ్చుకుంటుంది. ఆ తర్వాత మినరల్ స్పిరిట్స్‌ (పెయింటు పలచన చేసే ద్రావకం)తో తడిపి పిండిన గుడ్డతో ఒక చిన్న చోట తుడిచి చూడండి. గుడ్డ నల్లగా వస్తుంది. అది పాలిష్ పోవడం కాదు, ఒక మనిషి చేతుల నూనె, కటింగ్ ఆయిల్, ఫ్యాక్టరీ పొగ. దాని కింద నుంచి ఓక్ రేఖలు బయటపడతాయి. ఓక్ దుంగని క్వార్టర్‌సాన్ పద్ధతిలో, అంటే ముందు పొడవునా నాలుగు భాగాలు చేసి ఒక్కోదాన్ని పలకలుగా, కోస్తే పులిచారల్లాంటి మెరుపు మచ్చలు వస్తాయి, మంచి పెట్టెలకి ముందు వైపంతా ఆ చెక్కే వాడారు. చాలా పెట్టెలకి ఈ తుడుపు, ఒక పూత మైనం చాలు. పని అక్కడితో అయిపోయింది.

పాత పాలిష్ గీకేసి కొత్తగా వేయాలా?

వద్దు. నేను గట్టిగా పట్టుబట్టే విషయం ఇదొక్కటే.

మొదటి పెట్టె దొరికినప్పుడు నాకు ఇవేవీ తెలియవు. రెండు ఆదివారాలు కూర్చుని మూత నుంచి అడుగు దాకా ఉప్పుకాగితం కొట్టాను, పాత ఫెల్ట్ అంతా పీకి పారేశాను. పెట్టె కొత్తదానిలా తయారైంది, చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. తర్వాత ముందు తీసిన ఫోటోలు చూసుకుంటే రెండో సొరుగు ఫెల్ట్ మీద మైక్రోమీటర్ ఆకారం స్పష్టంగా ఉంది. విల్లులా వంగిన ఫ్రేము, దాని పిడి, అన్నీ, ముదురు పచ్చ మీద లేత పచ్చ నీడలాగా. ఒకే పనిముట్టు ఒకేచోట కొన్ని వేల సాయంత్రాలు పెడితే తప్ప అలాంటి ముద్ర పడదు. మూత ముందు అంచున కుడిచేతి బొటనవేలు ఆనిన చోట పాలిష్ అరిగి చిన్న పల్లం ఉండేది, అదీ పోయింది. ఆ రెంటినీ నేను తిరిగి చేయలేను, ఎవరూ చేయలేరు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

పాలిష్ నిజంగా పెచ్చులు లేచిపోయి, చెక్క బయటపడి ఉంటే అప్పుడు సంగతి వేరు. అప్పుడు కూడా తీసేయడం కంటే ఉన్నదాన్ని సరిచేయడమే మేలు.

పాలిష్ ఏ రకమో ఎలా తెలుస్తుంది? ఎలా సరిచేయాలి?

కనబడని చోట, అంటే అడుగు అంచున, దూదితో ఒక చుక్క డీనేచర్డ్ స్పిరిట్ (తాగడానికి పనికిరాకుండా చేసిన ఆల్కహాల్) పెట్టండి. మెత్తబడి జిగటగా అయితే లక్క పాలిష్, అదే షెల్లాక్. కాకపోతే పక్కన లక్కర్ థిన్నర్ చుక్క పెట్టండి. దానికి కరిగితే లక్కర్ (పేరు దగ్గరగా ఉన్నా లక్క కాదు, వేరే పాలిష్), 1920ల నుంచి ఫ్యాక్టరీల్లో బాగా వాడుకలోకి వచ్చింది. రెండిటికీ లొంగకపోతే వార్నిష్ అయ్యుంటుంది.

లక్క పాలిష్ అయితే మీ అదృష్టం. కొత్త లక్క పూస్తే పాతది కాస్త కరిగి రెండూ కలిసిపోతాయి, పెచ్చులు లేచినచోట కూడా అతుకు కనబడదు. పలచగా కలిపి, మడత గుడ్డతో ఆగకుండా ఒకే దిశలో రెండు మూడు సార్లు తిప్పండి, అంతే. వార్నిష్ అయితే మురికి తీసి మైనం పట్టించి వదిలేయండి.

అవిసె నూనె గురించి కూడా అడుగుతుంటారు. బయట వైపు పలచగా రాసి పూర్తిగా తుడిచేస్తే ఫర్వాలేదు గానీ, సొరుగుల లోపల ఎప్పుడూ రాయొద్దు, గాలి ఆడక నెలల తరబడి జిడ్డుగా, కంపు కొడుతూ ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, ఆ నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి చెత్తబుట్టలో పడేయకండి. వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. ఆరుబయట విడిగా పరిచి గట్టిపడేదాకా ఆరబెట్టి అప్పుడు పారేయండి.

చెక్క మీద నల్లమచ్చలు, నూనె మరకలు పోతాయా?

నల్లమచ్చలు ఎక్కువగా ఇనుమూ నీరూ కలిసి ఓక్‌లోని టానిన్ అనే వగరు పదార్థంతో చేసే పని. పాత కాలపు సిరా కూడా ఇలాగే టానిన్‌కి ఇనుము కలిపి చేసేవాళ్లు. పాలిష్ లేని ఓక్ మీద ఇవి ఆక్సాలిక్ యాసిడ్‌తో బాగా లేతబడతాయి. అది విషం: చేతికి గ్లవ్స్, కంటికి అద్దాలు, అయిపోయాక నీళ్లతో రెండు మూడు సార్లు కడగడం, ఎండిన పొడిని గీకి పీల్చకుండా ఉండటం తప్పనిసరి. ఈ కారణంగానే ఓక్ మీద స్టీల్ ఊల్ (సన్నటి ఇనుప పీచు) వాడొద్దు. విరిగిన సన్నటి పోగులు రంధ్రాల్లో ఉండిపోతాయి, తర్వాత కాస్త చెమ్మ తగలగానే పెట్టెనిండా నల్లచుక్కలు. నైలాన్ స్క్రబ్ ప్యాడ్ వాడండి.

నూనె మరకకి టాల్కం పౌడర్ గానీ సుద్దపొడి గానీ నాఫ్తా అనే పెట్రోలియం ద్రావకంలో కలిపి ముద్దగా చేసి, మరక మీద పట్టించి ఆరనివ్వండి. ఆరుతూ నూనెని పైకి పీల్చుకుంటుంది. నిప్పుకి దూరంగా, గాలి ఆడేచోట చేయండి. మూడుసార్లు చేసినా మిగిలితే మిగలనివ్వండి.

సొరుగులు బిగుసుకుపోయాయి. చిత్రిక పట్టనా?

ముందు ఆరనివ్వండి. వానాకాలంలో బిగుసుకున్న సొరుగుకి చిత్రిక పడితే చలికాలానికి వదులైపోయి గడగడలాడుతుంది. రానే రాకపోతే లాగి పిడి ఊడగొట్టుకోవద్దు, దాని పైదో కిందదో తీసి, లోపల నుంచి వెనక అంచుని మెల్లగా నెట్టండి. బాగా ఆరాక కూడా రాస్తుంటే పక్కలకి సుద్ద పూసి ఒకసారి తోసి లాగండి, సుద్ద చెరిగినచోటే రాపిడి ఉంది. అక్కడ మాత్రమే సన్నటి స్క్రేపర్‌తో ఒకటి రెండు గీతలు, ఆపైన కొవ్వొత్తి మైనం రుద్దండి. సొరుగు ఆడే పట్టీలు కొన్ని పెట్టెల్లో చెక్కవి, కొన్నిటిలో ఇనుపవి. రెంటికీ మైనమే మంచిది. నూనె రాస్తే దుమ్ము పట్టి ఏడాదిలో అంటుకుపోతుంది.

జాయింటు ఊడిన సొరుగైతే, పాత పెట్టెల్లో వాడింది వజ్రం బంక, అంటే జంతువుల తోలు నుంచి చేసే జిగురు. వేడికీ చెమ్మకీ మెత్తబడి విడిపోవడం దాని గొప్ప గుణం, రేపు ఇంకెవరైనా బాగుచేయాలన్నా విరగకుండా విప్పొచ్చు. కొత్తగా వేసేది కూడా అదే వేయండి. ఎపాక్సీ, అంటే రెండు ట్యూబులు కలిపి వేసే గట్టి జిగురు, మాత్రం వద్దు.

ఫెల్ట్ మార్చాలా?

పురుగు తినేసి, పొడి రాలిపోతుంటేనే. మామూలు మురికి అయితే పలచటి గుడ్డ అడ్డుపెట్టి వ్యాక్యూమ్ చేస్తే చాలావరకు లేస్తుంది. మార్చాల్సి వస్తే ఉన్ని ఫెల్ట్ తీసుకోండి, చేతిపనులకి అమ్మే పలచటి సింథటిక్ కాదు. ఫెల్ట్‌ని సొరుగు అడుక్కి నేరుగా అంటించకండి. సొరుగు కొలతకి ఆమ్లం లేని పలచటి అట్ట కోసి, అట్టకి ఫెల్ట్ అంటించి, సొరుగులో దించండి. జిగురు గుడ్డలోంచి పైకి ఊరదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు పైకి తీయొచ్చు. పాత ఫెల్ట్ తీసేముందు కింద ఏముందో చూసుకోండి, పెన్సిల్ లెక్కలు, తేదీలు, ఒక్కోసారి జీతం చీటీలు కూడా ఉంటాయి.

నికెల్ రేకుల మీద తుప్పు?

నికెల్ పూత చాలా పలచన. వైర్ బ్రష్ చక్రం పెడితే తుప్పుతో పాటు పూతా పోతుంది. రేకుని ఊడదీయకుండానే కొంచెం నూనె రాసి, ఒక రోజు ఉంచి, ఇత్తడి బ్రష్‌తో మెల్లగా రుద్దండి. చుక్కచుక్కలుగా మిగిలిన గోధుమ మచ్చలు పూత పోయినచోట ఇనుము కనబడటమే, వాటికి మైనం రాసి వదిలేయాలి. మళ్లీ పూత వేయించొచ్చు గానీ అరిగిన పెట్టె మీద ధగధగలాడే మూలలు అతికినట్టు ఉండవు. చిన్న మేకులు ఊడదీస్తే మళ్లీ అదే కన్నంలో పట్టు దొరకడం కష్టం, అందుకే తీయొద్దంటున్నాను.

అద్దం ఎందుకు? పగిలితే మార్చొచ్చా?

కంట్లో ఇనుప రజను పడితే చూసుకోవడానికి అంటారు, ఇంటికెళ్లేముందు మొహం తుడుచుకోవడానికి అంటారు. రెండూ జరిగే ఉంటాయి. అంచుల్లో నల్లబడిన పాత అద్దం పగలకపోతే అలాగే ఉంచండి. పగిలితే అంతే మందం ఉన్న అద్దం కోయించి పెట్టుకోవడంలో తప్పులేదు, వెనకున్న పాత అట్ట మాత్రం పారేయకండి.

ముందు పలక లేదు. కొత్తది చేయించొచ్చా?

చేయించొచ్చు, పెట్టెకి రక్షణ తిరిగొస్తుంది. కింది సందు వెడల్పూ ఎత్తూ రెండు చివర్లా, మధ్యలోనూ కొలవండి, పాత పెట్టె ఎక్కడా ఒకే కొలతలో ఉండదు. సొరుగుల్లాగే క్వార్టర్‌సాన్ ఓక్ తీసుకోండి, అది తక్కువ వంగుతుంది. రెండు పక్కలా ఒక పేకముక్క దూరేంత ఖాళీ వదలండి, లేకపోతే వానాకాలంలో సందులో ఇరుక్కుని బయటికి రాదు. పై అంచున మూత పట్టుకునే ఏర్పాటు అదే కంపెనీ పెట్టె చూసి చేయాలి. అయ్యాక లోపలివైపు తేదీ రాయండి, రేపు కొనేవాళ్లకి ఇది కొత్త పలక అని తెలియాలి.

పనిముట్లు పెట్టి రోజూ వాడొచ్చా? తుప్పు పట్టదా?

వాడండి, అందుకే చేశారు. ఓక్ నుంచి కొద్దిగా ఆమ్లపు ఆవిరి వస్తూనే ఉంటుంది, మూసిన సొరుగులో అది ఇనుముకి మంచిది కాదు. సొరుగు లోపలి చెక్కకి పలచగా లక్క పూత ఉంటే ఆ ఆవిరి తగ్గుతుంది, బూజు వాసన కూడా అణుగుతుంది. చెమ్మ పీల్చే ఒక సిలికా జెల్ సంచి, పనిముట్ల మీద పలచటి నూనె పొర, అంతే. పాతకాలం మెషినిస్టులు సొరుగులో కర్పూరం ముక్క వేసేవాళ్లు, తుప్పు రాకుండా. అలాంటి పెట్టె ఒకటి తెరవగానే నూనె వాసనతో పాటు కర్పూరం వాసన వచ్చింది నాకు, ముక్క ఎప్పుడో హరించుకుపోయినా ఫెల్ట్‌కి ఇంకా అంటే ఉంది.

పెట్టె మీద పాత యజమాని పేరు చెక్కి ఉంది. తీసేయనా?

తీయొద్దు. పనిముట్లు కలిసిపోకుండా పేరో పొడి అక్షరాలో చెక్కుకునేవాళ్లు. ఆ అక్షరాలు పెట్టెలోని మైక్రోమీటర్ మీద కూడా కనిపిస్తే రెండూ ఒకే మనిషివని తేలినట్టే, వాటిని విడదీసి అమ్మకండి. సొరుగుల్లో దొరికిన చీటీలు, ఫ్యాక్టరీ బ్యాడ్జీలు, పెన్సిల్ ముక్కలు ఒక కవర్లో వేసి, ఏ సొరుగులో దొరికాయో దాని మీద రాసి, మూత కింది అరలోనే ఉంచండి. ఎస్టేట్ సేల్‌లో కొన్నట్టయితే, కవర్లో పెట్టేముందు ఆ ఇంటివాళ్లకి ఒకసారి చూపించండి. ఒక జీతం చీటీ చూపిస్తే, వాళ్లమ్మాయి కాసేపు చేత్తో పట్టుకుని చూసి, తండ్రి అక్షరాలున్న ఆ ఒక్క కాగితం తన దగ్గర ఉంచుకుంటానంది. పెట్టె నాతో వచ్చింది, చీటీ అక్కడే ఉండిపోయింది.